ఆపేసినా మళ్లీ ఎందుకు లేస్తున్నాయి? విండోస్ స్టార్టప్ ప్రోగ్రాముల లోపలి లెక్క

క్లుప్తంగా: టాస్క్ మేనేజర్‌లో కనిపించే స్టార్టప్ జాబితా పూర్తి జాబితా కాదు. విండోస్‌లో ప్రోగ్రాములు తమంతట తాము మొదలయ్యే దారులు ఐదారున్నాయి, ఆ జాబితాకెక్కేవి వాటిలో కొన్నే. అక్కడ ‘డిసేబుల్’ నొక్కితే ప్రోగ్రాం పోదు, దాని ఎంట్రీ కూడా పోదు, పక్కన ఒక గుర్తు పడుతుందంతే. మిషన్ నెమ్మదించడం ఎన్ని ప్రోగ్రాములున్నాయన్న దానికంటే అవి ఏ దారిలో, ఎప్పుడు, ఎలాంటి డిస్క్ మీద లేస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. చూడకుండా అన్నీ ఆపేస్తే వేలిముద్ర యంత్రం నుంచి తెలుగు టైపింగ్ దాకా చాలా ఆగిపోవచ్చు.

కంప్యూటర్ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టగానే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. బ్రౌజర్ మీద నొక్కితే మాత్రం తెరుచుకోదు. మౌస్ దగ్గర నీలం చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి గానీ మిషన్ మాట వినదు. ఎవరిని అడిగినా సలహా ఒకటే: టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి స్టార్టప్‌లో ఉన్నవన్నీ డిసేబుల్ చేసెయ్యమంటారు. చేస్తారు. వారం తిరిగేసరికి ఆపినవాటిలో ఒకటో రెండో మళ్లీ గడియారం పక్కన కూర్చుని ఉంటాయి. లేదా అన్నీ ఆపి ఉన్నా మిషన్ మునుపటిలాగే మొరాయిస్తుంది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రత చిప్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి చాలా పాత మిషన్లు దానికి మారలేవు. కొత్తది కొనాలా, ఉన్నదాన్నే కాస్త తేలిక చేసుకోవాలా అని లెక్కలు వేసుకునే ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఈ స్టార్టప్ గొడవ అందుకే మళ్లీ ముందుకొచ్చింది.

ఒక్క ఫైలుతో మొదలైన ఏర్పాటు

డాస్ రోజుల్లో ఈ తికమక లేదు. సీ డ్రైవ్‌లో ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే ఫైలు ఉండేది. కంప్యూటర్ ఆన్ కాగానే ఏం నడవాలో అందులో వరసగా రాసుకునేవారు. పరికరాలను నడిపే డ్రైవర్ల సంగతి కాన్ఫిగ్.సిస్ చూసుకునేది. అక్కర్లేని పంక్తి తీసేస్తే ఆ ప్రోగ్రాం ఇక రాదు, అంతే.

విండోస్ వచ్చాక చోట్లు పెరిగాయి. విండోస్ 3.1లో విన్.ఇని అనే ఫైలులో ‘లోడ్’, ‘రన్’ అని రెండు పంక్తులు ఉండేవి, ప్రోగ్రాం మేనేజర్‌లో స్టార్టప్ అనే గ్రూపు ఉండేది. 1995లో విండోస్ 95తో రిజిస్ట్రీకి, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసిపెట్టుకునే డేటాబేస్‌కు, పెద్దపీట పడింది. ‘రన్’, ‘రన్‌వన్స్’ అనే కీలు (ఫోల్డర్ల లాంటి అరలు) అందులోకి వచ్చాయి. స్టార్టప్ గ్రూపు కాస్తా స్టార్ట్ మెనూలో ఫోల్డరుగా మారింది. వీటికి తోడు తెర వెనక నడిచే సర్వీసులు, పెట్టిన సమయానికి పనులు లేపే టాస్క్ షెడ్యూలర్, స్టోర్ యాప్‌లకు వేరే పద్ధతి ఒకదాని మీద ఒకటి చేరుకుంటూ పోయాయి.

కొత్త దారి వేసినప్పుడు పాతదాన్ని మూయకపోవడమే ఇక్కడ అసలు కారణం. పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఆఫీసులు ఊరుకోవు, అందుకని మైక్రోసాఫ్ట్ వెనకటి దారులన్నీ తెరిచే ఉంచింది. విన్.ఇనిలోని ఆ ‘లోడ్’ పంక్తికి నేటి విండోస్ రిజిస్ట్రీలో కూడా ఒక చోటుంది. దాన్ని వాడే మామూలు ప్రోగ్రాములు ఇప్పుడు దాదాపు లేవు గానీ వైరస్ రాసేవాళ్లు మాత్రం దాన్ని మర్చిపోలేదు.

వీటిని అదుపు చేసే తెర కూడా చోట్లు మారుతూ వచ్చింది. విండోస్ 98లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే పనిముట్టు వచ్చింది. 2012లో విండోస్ 8తో స్టార్టప్ జాబితా టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లింది. 2018 ఏప్రిల్ అప్‌డేట్‌తో విండోస్ 10 సెట్టింగ్స్‌లో యాప్స్ కింద ఇంకో పేజీ చేరింది. ఇప్పటికీ చాలామంది ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైప్ చేస్తారు. తెరిస్తే అక్కడ జాబితా ఉండదు, టాస్క్ మేనేజర్‌కు వెళ్లమనే లింకు ఒక్కటే ఉంటుంది.

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ దాకా

ఏ ప్రోగ్రాం ఎక్కడ లేస్తుందో తెలియాలంటే వరస తెలియాలి. పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేచి విండోస్ బూట్ మేనేజర్‌ను పిలుస్తుంది. విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, దాంతోపాటు ‘బూట్ స్టార్ట్’ అని గుర్తున్న డ్రైవర్లు మెమరీలోకి ఎక్కుతాయి. తర్వాత మిగతా డ్రైవర్లు, ఆపైన సర్వీసులు మొదలవుతాయి. పాస్‌వర్డ్ అడిగే తెర కనిపించే సరికే తెర వెనక పదుల కొద్దీ సర్వీసులు నడుస్తుంటాయి.

పాస్‌వర్డ్ కొట్టాక విన్‌లాగాన్ అనే భాగం యూజర్‌ఇనిట్‌ను, అది ఎక్స్‌ప్లోరర్‌ను లేపుతాయి. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ ఐకాన్లు చూపించేది ఎక్స్‌ప్లోరరే. రిజిస్ట్రీలోని రన్ కీలను, స్టార్టప్ ఫోల్డర్‌ను చదివి అందులో ఉన్నవాటిని లేపడం కూడా దాని పనే. అందుకే డెస్క్‌టాప్ కనపడడం, మిషన్ సిద్ధం కావడం ఒకటి కావు. విండోస్ 8 నుంచి ఎక్స్‌ప్లోరర్ ఈ ప్రోగ్రాములను వెంటనే లేపకుండా సుమారు 10 సెకన్లు ఆగి మొదలుపెడుతోంది. డెస్క్‌టాప్ ముందుగా చేతికి అందాలన్నది ఉద్దేశం. ఫలితంగా, సరిగ్గా బ్రౌజర్ నొక్కే వేళకే ఇవన్నీ లేవడం మొదలవుతుంది.

‘లాగాన్ అయినప్పుడు’ అని ట్రిగ్గర్ పెట్టిన టాస్క్ షెడ్యూలర్ పనులు వీటికి సమాంతరంగా వేరే దారిలో లేస్తాయి. ‘ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్’ అని గుర్తున్న సర్వీసులు మామూలుగా మిగతా ఆటోమేటిక్ సర్వీసులు లేచిన రెండు నిమిషాలకు మొదలవుతాయి. విస్టాతో వచ్చిన ఈ పద్ధతి మంచిదే. కాకపోతే హమ్మయ్య అనుకున్న కాసేపటికి డిస్క్ లైటు మళ్లీ ఎందుకు ఆగకుండా వెలుగుతోందో తెలియక టెన్షన్ పడేవారికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

జాబితాలోకి వచ్చేవి, రానివి

టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో కనిపించేవి మూడు రకాలు: రిజిస్ట్రీ రన్ కీల్లో ఉన్నవి, స్టార్టప్ ఫోల్డర్లో ఉన్న షార్ట్‌కట్లు, స్టోర్ పద్ధతిలో ప్యాక్ అయిన యాప్‌ల స్టార్టప్ పనులు. రన్ కీలు కూడా ఒకటి కాదు. కంప్యూటర్ మొత్తానికి ఒకటి, ఒక్కో యూజర్‌కు ఒకటి, 64 బిట్ విండోస్ మీద నడిచే 32 బిట్ ప్రోగ్రాములకు ఇంకొకటి. నాన్న అకౌంట్లో ఆపినది పిల్లల అకౌంట్లో లేవడానికి కారణం ఈ విభజనే.

సర్వీసులు, డ్రైవర్లు, టాస్క్ షెడ్యూలర్ పనులు ఆ ట్యాబ్‌లోకి రావు. ఒక్క ప్రోగ్రామే ఒకేసారి రెండు మూడు దారులు వాడుకోవడం మామూలు. అడోబ్ అక్రోబాట్‌నే తీసుకుంటే, అప్‌డేట్ల కోసం దానికి ఒక సర్వీసూ ఉంటుంది, షెడ్యూలర్లో ఒక టాస్కూ ఉంటుంది. క్రోమ్ అప్‌డేటర్‌దీ ఇదే తీరు. స్టార్టప్ ట్యాబ్‌లో ఉన్నదాన్ని ఆపితే ఈ మిగతావి కదలవు. వీటిలో చాలామటుకు చిన్నవే, బరువైనవి కావు. ‘అన్నీ ఆపేశాం’ అన్న నమ్మకం తప్పని తెలిస్తే చాలు.

ఇంకో దారిని దాదాపు ఎవరూ పట్టించుకోరు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. మూసేటప్పుడు తెరిచి ఉన్న యాప్‌లను గుర్తుపెట్టుకుని మళ్లీ సైన్ ఇన్ కాగానే తెరిచేది అదే. ఏ స్టార్టప్ జాబితాలోనూ లేని బ్రౌజర్ పొద్దున్నే నిన్నటి ట్యాబ్‌లతో సహా తనంతట తాను తెరుచుకుంటుంటే ముందు చూడాల్సిన చోటు ఇది. బ్రౌజర్లు సొంతంగా కూడా రన్ కీలో చోటు సంపాదిస్తాయి. ఎడ్జ్‌లో ‘స్టార్టప్ బూస్ట్’ అనే సదుపాయం ఉంది, బ్రౌజర్‌లో కొంత భాగాన్ని ముందే మెమరీలో పెట్టి ఉంచుతుంది. బ్రౌజర్ మూసేసినా ఎక్స్‌టెన్షన్లు వెనక నడిచే ఏర్పాటు క్రోమ్, ఎడ్జ్ రెండిటికీ ఉంది. ఇలాంటివాటిని బ్రౌజర్ సెట్టింగ్స్‌లోనే ఆపడం నయం.

‘డిసేబుల్’ నొక్కితే నిజంగా జరిగేది

రన్ కీలో ఉన్న ఒక ఎంట్రీ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ అంటే ఆ ఎంట్రీ అక్కడే ఉంటుంది. విండోస్ దాన్ని తాకదు. ‘స్టార్టప్ అప్రూవ్డ్’ అనే వేరే కీలో అదే పేరుతో 12 బైట్ల విలువ ఒకటి రాస్తుంది. మొదటి బైట్ 02 అయితే అనుమతి ఉన్నట్టు, 03 అయితే ఆపినట్టు. ఆపిన తేదీ, సమయం మిగతా బైట్లలో ఉంటాయి. ఎక్స్‌ప్లోరర్ రన్ కీ చదివేటప్పుడు ఈ రెండో కీని కూడా చూసి, ఆపమన్నదాన్ని దాటేసి ముందుకు పోతుంది.

ఆపినవి మళ్లీ ఎందుకు వస్తాయో ఇక్కడ తేలిపోతుంది. గుర్తు పడేది ఎంట్రీ పేరు మీద, ప్రోగ్రాం మీద కాదు. కొత్త వెర్షన్ వేరే పేరుతో ఎంట్రీ రాసుకుంటే విండోస్ లెక్కలో అది కొత్త ప్రోగ్రాం, పాత నిషేధం దానికి వర్తించదు. రన్ కీ నుంచి షెడ్యూలర్‌కో సర్వీసుకో మారితే ఆ గుర్తుకు అసలు అర్థమే ఉండదు. ‘కంప్యూటర్ ఆన్ కాగానే తెరువు’ అనే టిక్కు ప్రోగ్రాం సొంత సెట్టింగ్స్‌లో అలాగే ఉంటే, తెరిచిన ప్రతిసారీ తన ఎంట్రీ ఉందో లేదో చూసుకుని లేకపోతే మళ్లీ రాసుకునేవి కూడా ఉన్నాయి. రిజిస్ట్రీలోకి వెళ్లి ఎంట్రీని చేత్తో చెరిపేసినవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. విచిత్రమేమిటంటే, అలాంటి చోట చెరపడం కంటే డిసేబుల్ చేయడమే ఎక్కువ నిలుస్తుంది. అదే పేరుతో తిరిగి రాసుకున్నా 03 గుర్తు అలాగే ఉంటుంది కదా.

స్టోర్ పద్ధతి యాప్‌ల విషయంలో మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. యూజర్ టాస్క్ మేనేజర్‌లో ఆపితే ఆ పని ‘యూజర్ ఆపినది’ అన్న స్థితిలోకి వెళ్తుంది. యాప్ తన కోడ్‌తో దాన్ని మళ్లీ తెరుచుకోలేదు. యూజరే తెరవాలి. పాత తరహా ప్రోగ్రాములకు ఈ కట్టుబాటు లేదు.

కాబట్టి ఆపే క్రమం ఇలా ఉంటే ఫలితం నిలుస్తుంది: ముందు ఆ ప్రోగ్రాం సొంత సెట్టింగ్స్‌లో టిక్కు తీయాలి, అప్పటికీ లేస్తుంటే టాస్క్ మేనేజర్‌లో డిసేబుల్ చేయాలి, దానికీ లొంగకపోతే షెడ్యూలర్, సర్వీసులు చూడాలి. అసలు వాడనిదైతే ఇదంతా అక్కర్లేదు, అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తే సరిపోతుంది.

‘హై ఇంపాక్ట్’ అంటే ఎంత?

స్టార్టప్ ట్యాబ్‌లో హై, మీడియం, లో అని కనిపించే మాటలకు మైక్రోసాఫ్ట్ పెట్టిన కొలతలున్నాయి. ఒక ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను 1 సెకనుకు మించి వాడినా, డిస్క్ మీద 3 ఎంబీకి మించి చదివి రాసినా హై. ప్రాసెసర్ 300 మిల్లీసెకన్ల నుంచి 1 సెకను దాకా, లేదా డిస్క్ 300 కేబీ నుంచి 3 ఎంబీ దాకా అయితే మీడియం. రెండూ అంతకంటే తక్కువైతే లో. కొత్తగా వచ్చి ఇంకా కొలతకు చిక్కనివాటికి ‘నాట్ మెజర్డ్’ అని ఉంటుంది.

3 ఎంబీ అంటే ఈ రోజుల్లో ఒక ఫోన్ ఫొటో అంత. కాస్త పెద్ద ప్రోగ్రాం ఏదైనా సులభంగా హై కిందికి వచ్చేస్తుంది. వాట్సాప్ డెస్క్‌టాప్, టీమ్స్, స్పాటిఫై, స్టీమ్ అన్నిటికీ ‘హై’ పడినంత మాత్రాన అవన్నీ సమానమని కాదు. ట్యాబ్‌లో పై గళ్ల మీద రైట్ క్లిక్ చేస్తే ‘సీపీయూ ఎట్ స్టార్టప్’, ‘డిస్క్ ఐవో ఎట్ స్టార్టప్’ అనే రెండు గళ్లను చేర్చుకోవచ్చు. అప్పుడు అంకెలే కనిపిస్తాయి. ఒకటి 1,200 మిల్లీసెకన్లు, మరొకటి 9,000 మిల్లీసెకన్లు అయినా రెండిటి పక్కనా ఉండే మాట ఒకటే. ఏది ముందు ఆపాలో ఆ మాట చెప్పదు, అంకె చెబుతుంది. అదే మెనూలోని ‘స్టార్టప్ టైప్’, ‘కమాండ్ లైన్’ గళ్లు ఆ ఎంట్రీ రిజిస్ట్రీలోదా, ఫోల్డర్లోదా, ఏ ఫైలును లేపుతోందన్నది చూపిస్తాయి.

ఇక డిస్క్. పాత ల్యాప్‌టాప్‌ల్లో ఉండే 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన సమాచారం హెడ్ కిందకు రావడానికి సగటున అందులో సగం, దానికి తోడు హెడ్ అటూ ఇటూ కదలడానికి ఇంకొంత. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలు చదవాలంటే సెకనుకు వంద దాటడమే కష్టం. పది ప్రోగ్రాములు ఒకేసారి లేస్తే పండగ రోజు పల్లెవెలుగు బస్సులో ఒక్క కండక్టరే అందరికీ టికెట్లు కొట్టినట్టు ఉంటుంది పని. చిప్‌ల మీద సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, సెకనుకు వేల సంఖ్యలో అలాంటి ముక్కలు చదువుతుంది.

అందుకే ఒకే సలహా ఒకరి మిషన్ మీద అద్భుతంగా, ఇంకొకరి దాని మీద దండగలా కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ ఉన్న 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో నాలుగు బరువైన ప్రోగ్రాములు ఆపితే తేడా వెంటనే తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్నచోట అదే పని చేస్తే కంటికి ఆనకపోవచ్చు. పాత మిషన్‌కు స్టార్టప్ జాబితా సర్దడం కంటే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడమే పెద్ద మార్పు తెస్తుంది, ఇందులో పెద్దగా వాదనకు తావు లేదు.

షట్‌డౌన్ చేసినా పూర్తిగా మూయని విండోస్

విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఈ లెక్కను ఇంకొంచెం మెలిక తిప్పింది. షట్‌డౌన్ నొక్కితే యూజర్ తెరిచిన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ కెర్నెల్, డ్రైవర్లు, సర్వీసుల స్థితి హైబర్‌ఫిల్.సిస్ అనే ఫైలులోకి భద్రమవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే అవి మొదటి నుంచి లేవవు, ఆ ఫైలులోంచి తిరిగి వస్తాయి. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర ‘అప్ టైమ్’ చూస్తే ఇది బయటపడుతుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే మిషన్‌లో కూడా అది రోజుల తరబడి చూపిస్తూ ఉంటుంది. ఒక సర్వీసునో డ్రైవర్‌నో మార్చి, షట్‌డౌన్ చేసి ఆన్ చేసి, ‘ఏం తేడా రాలేదు’ అనుకోవడంలో పొరపాటు జరుగుతున్నది ఇక్కడే. అలాంటి మార్పు చూడాలంటే రీస్టార్టే చేయాలి.

కంపెనీలు ఎందుకు పట్టుబడతాయి

నొక్కగానే తెరుచుకునే ప్రోగ్రాం మంచిదని జనం అనుకుంటారు. ముందే మెమరీలో కూర్చుంటే నొక్కగానే తెరుచుకుంటుంది. చాట్ యాప్‌లకు మెసేజ్ వచ్చిందని చెప్పాలంటే నడుస్తూ ఉండాలి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి ఫైళ్లను ఎప్పటికప్పుడు ఎక్కించాలి. సెక్యూరిటీ అప్‌డేట్ త్వరగా చేరాలంటే అప్‌డేటర్ మేల్కొని ఉండాలి. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ న్యాయమైన కారణమే ఉంది. ఒక్కో కంపెనీ తన ప్రోగ్రాం ఒక్కటే ఉన్నట్టు లెక్క వేసుకుంటుంది. ఖర్చు మాత్రం అందరిదీ కలిపి ఆ మిషన్ భరిస్తుంది. ల్యాప్‌టాప్ తయారీ కంపెనీలు ముందే ఎక్కించి పంపే ట్రయల్ యాంటీవైరస్‌లు, రిజిస్ట్రేషన్ గుర్తుచేసేవి, సపోర్ట్ అసిస్టెంట్లు దీనికి అదనం.

ఆపితే చిక్కు తెచ్చేవి

తెలుగు రాష్ట్రాల్లో ఈ ‘అన్నీ డిసేబుల్’ సలహా ఎక్కువగా దెబ్బకొట్టేది ఇళ్లను కాదు, చిన్న సేవా కేంద్రాలను. ఆధార్ వేలిముద్ర తీసుకునే కంప్యూటర్లలో ఆర్‌డీ సర్వీస్ అనేది ఉంటుంది. యూఐడీఏఐ నిబంధనల ప్రకారం వేలిముద్రను ఎన్‌క్రిప్ట్ చేసి ఇచ్చేది అదే. బ్రౌజర్‌లోని వెబ్‌సైట్ అదే కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టులను (ప్రోగ్రాములు మాట్లాడుకునే నంబరు తలుపులను) ఒక్కొక్కటిగా తట్టి, ఆర్‌డీ సర్వీస్ ఎక్కడ పలుకుతుందో చూస్తుంది. టాస్క్ మేనేజర్‌తో ఆగకుండా సర్వీసుల జాబితాలోకి కూడా వెళ్లి దాన్ని ఆపేసి ఉంటే ఏ పోర్టూ పలకదు. యంత్రంలో లైటు వెలుగుతుండగానే తెర మీద డివైజ్ దొరకలేదని వస్తుంది. కేబుల్ మార్చి, యంత్రం మార్చి చూస్తారు. సర్వీసెస్ జాబితా తెరిచి స్టార్ట్ నొక్కితే పోయే సమస్య అది.

డిజిటల్ సంతకం టోకెన్లదీ ఇలాంటి కథే. జీఎస్టీ, టెండర్ల పనులకు వాడే యూఎస్‌బీ టోకెన్‌తో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌కూ టోకెన్‌కూ మధ్య నడిచే సంతకం ప్రోగ్రాం చాలాచోట్ల స్టార్టప్‌లోనే ఉంటాయి. ఆపేస్తే గడువు రోజున సర్టిఫికెట్ కనపడదు.

తెలుగు టైపింగ్ సంగతి కూడా చూడాలి. డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ మేనేజర్ నడుస్తుంటేనే పేజ్‌మేకర్‌లోనో ఫొటోషాప్‌లోనో ఆ ఫాంట్లతో తెలుగు పడుతుంది. యూనికోడ్ కీబోర్డులకు విండోస్ లోపలే సిటిఎఫ్‌మాన్ అనే భాగం ఉంది. ఎక్స్‌పీ కాలంలో అది రన్ కీలో కనిపించేది, ఏమిటో తెలియక ఆపేసినవారికి లాంగ్వేజ్ బార్ మాయమయ్యేది. విండోస్ 10, 11లో దాన్ని షెడ్యూలర్‌లోని ఒక టాస్క్ లేపుతుంది. ఆ టాస్క్‌ను ఆపితే స్టార్ట్ మెనూ వెతుకులాట పెట్టెలో అక్షరం పడకపోవడం లాంటి వింత సమస్యలు వస్తాయి.

ఆపినా నష్టం లేనివీ ఉన్నాయి. ‘విండోస్ సెక్యూరిటీ నోటిఫికేషన్ ఐకాన్’ ఆపితే గడియారం పక్కన డాలు బొమ్మ పోతుందే తప్ప డిఫెండర్ రక్షణ ఆగదు, అది సర్వీసుగా నడుస్తుంది. ఆడియో ప్యానెళ్లు కూడా చాలామటుకు అంతే, ప్యానెల్ లేకపోయినా డ్రైవర్ ఉంటుంది కాబట్టి శబ్దం వస్తుంది.

అందరికంటే ముందు లేచే హక్కు

అన్నిటికంటే ముందు లేవాల్సింది భద్రత సాఫ్ట్‌వేర్. వైరస్ ముందు లేస్తే యాంటీవైరస్‌ను ఆపేస్తుంది కాబట్టి. ఇందుకోసం విండోస్ 8లో యాంటీవైరస్ డ్రైవర్లు మిగతా డ్రైవర్ల కంటే ముందు ఎక్కేలా ప్రత్యేక ఏర్పాటు చేశారు.

ఆ హక్కుకు ఎంత మూల్యముందో 2024 జులై 19న ప్రపంచం చూసింది. భద్రత సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ తన ఫాల్కన్ సెన్సర్‌కు పంపిన ఒక కంటెంట్ ఫైలులో తప్పు దొర్లింది. దాన్ని చదివిన డ్రైవర్ తనది కాని మెమరీలోకి చేయి పెట్టింది, విండోస్ నీలి తెర చూపి పడిపోయింది. రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ బూట్ దశలోనే లేస్తుంది, అదే ఫైలు మళ్లీ చదువుతుంది, మళ్లీ పడిపోతుంది. డెస్క్‌టాప్ దాకా వస్తేగా డిసేబుల్ చేసేది! దూరం నుంచి సరిచేయడానికి చాలా మిషన్లు అందుబాటులోకే రాలేదు. సేఫ్ మోడ్‌లోకో రికవరీ తెరలోకో వెళ్లి ఆ ఫైలును చేత్తో చెరపాల్సి వచ్చింది, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట దాని కీ కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్నవి 85 లక్షల మిషన్లు, విండోస్ మిషన్లన్నిటిలో ఒక శాతం కూడా కాదు. అయినా ఆ రోజు హైదరాబాద్ సహా దేశంలోని పలు విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

దొంగలకూ ఇదే దారి

రీస్టార్ట్ తర్వాత బతికి ఉండడం మాల్‌వేర్‌కు ప్రాణావసరం. అందుకే దాడుల పద్ధతులను వర్గీకరించే మైటర్ అటాక్ పట్టికలో ‘బూట్ లేదా లాగాన్‌లో తనంతట మొదలవడం’కు టీ1547 అనే సంఖ్య, రన్ కీలు, స్టార్టప్ ఫోల్డర్‌కు దాని కింద 001 ఉన్నాయి. అనుమానించాల్సిన గుర్తులు కొన్ని స్పష్టంగానే ఉంటాయి: పబ్లిషర్ గడి ఖాళీగా ఉండడం, ఫైలు టెంప్ ఫోల్డర్లో ఉండడం, విండోస్ సొంత ఫైలు పేరుకు ఒక్క అక్షరం తేడా ఉన్న పేరు, కమాండ్ లైన్‌లో పవర్‌షెల్ తర్వాత అర్థం లేని పొడవాటి అక్షరాల వరస. మంచి ప్రోగ్రాములు కూడా యాప్‌డేటా ఫోల్డర్‌లోంచి లేస్తాయి కాబట్టి అదొక్కటే నేరానికి సాక్ష్యం కాదు.

అన్ని దారులూ ఒకేచోట చూడాలంటే టాస్క్ మేనేజర్ చాలదు. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఆటోరన్స్ ఒకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది, పనిముట్టు ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. తెరవగానే వందల పంక్తులు వచ్చి కంగారు పెడతాయి. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమంటే జాబితా చాలా తగ్గుతుంది. పసుపు పంక్తి అంటే ఎంట్రీ ఉంది గానీ ఫైలు లేదు, ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసినదాని మిగులు. గులాబీ రంగు అంటే పబ్లిషర్ ఎవరో తేలలేదు. టిక్కు తీస్తే ఎంట్రీ పోదు, పక్కకు జరుగుతుంది, మళ్లీ టిక్కు పెడితే తిరిగొస్తుంది. అయితే డ్రైవర్ల ట్యాబ్‌లో టిక్కులు తీస్తూ పోవడం మాత్రం సాహసమే.

మిగతా వ్యవస్థల్లో

ఆపిల్ 2005లో మ్యాక్ ఓఎస్ టెన్ టైగర్‌తో ఇలాంటి దారులను చాలావరకు లాంచ్‌డీ అనే ఒకే వ్యవస్థ కిందికి తెచ్చింది. లినక్స్‌లో ఎక్కువ పంపిణీలు సిస్టమ్‌డీ వాడుతున్నాయి, ‘సిస్టమ్‌డీ అనలైజ్ బ్లేమ్’ అనే ఆదేశం ఇస్తే బూట్‌లో ఏ సర్వీసు ఎంతసేపు తీసుకుందో వరసగా చూపిస్తుంది. విండోస్‌లో దీనికి దగ్గరగా ఉన్నది ఈవెంట్ వ్యూయర్‌లోని డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్ లాగ్. అందులో 100వ నంబరు ఈవెంట్‌లో బూట్‌కు పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, 101లో ఆలస్యం చేసిన ప్రోగ్రాం పేరు ఉంటుంది. ఊహించి ఆపడం కంటే ఇది చూసి ఆపడం మేలు గానీ, అంత లోతున దాచిపెట్టాక ఎవరు వెతుకుతారు?

2022లో వచ్చిన మ్యాక్ ఓఎస్ వెంచురా ఒక పని చేసింది. ఏ యాప్ అయినా వెనక నడిచే అంశాన్ని చేరిస్తే వెంటనే నోటిఫికేషన్ ఇస్తుంది, సెట్టింగ్స్‌లో ఒకేచోట ఆపుకోవచ్చు. విండోస్ 11లోనూ ఇలాంటిది ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, నోటిఫికేషన్స్ తెరిచి యాప్‌ల జాబితాలో చూస్తే ‘స్టార్టప్ యాప్ నోటిఫికేషన్’ అనే స్విచ్ కనిపిస్తుంది. ఏదైనా ప్రోగ్రాం స్టార్టప్‌లో చేరగానే అది చెబుతుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.